నలుపు తెలుపు రీళ్లతో కోల్‌కతా వీధుల్లో

నలుపు తెలుపు ఫిల్ముతో తిరగడానికి ఏ ఊరు వెళ్లాలని ఎవరైనా అడిగితే నేను తడుముకోకుండా కోల్‌కతా అంటాను, అదీ జనవరిలో. ఆ నెలలో తెల్లవారుజామున గంగ మీద మంచు కమ్ముకుని ఉంటుంది. పది గంటలైనా ఎండ ఏటవాలుగానే పడుతుంది. పాత ఇళ్ల వరండా కటకటాలు, చెక్క కిటికీల రెక్కలు, ట్రాము తీగలు అన్నీ రోడ్డు మీద నీడలు గీస్తాయి. రంగు తీసేసినా ఆ ఊళ్లో చూడవలసింది ఎంతో మిగులుతుంది.

పొద్దు విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. దేశమంతటికీ గడియారం కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. కోల్‌కతా దానికి ఇంచుమించు ఆరు డిగ్రీలు తూర్పున ఉంది. జనవరిలో అయిదుంబావు కల్లా అక్కడ సూర్యుడు అస్తమిస్తాడు. మా విశాఖలో ఇంకా అరగంట వెలుగుండే వేళకు ఆ వీధుల్లో దీపాలు వెలిగిపోతాయి. ఫొటోల కోసం వెళ్లేవాళ్లు నిద్ర త్యాగం చేయక తప్పదు.

నా దగ్గర ఉన్నది పెంటాక్స్ కె1000. 1976 నుంచి 1997 దాకా తయారైన ఈ కెమెరా ఫొటోగ్రఫీ నేర్చుకునే విద్యార్థుల చేతుల్లో లోకమంతా తిరిగింది. లైట్ మీటరుకు తప్ప దేనికీ బ్యాటరీ అక్కర్లేదు. దానికి ఒక 50 ఎం.ఎం. లెన్సు, ఒక పసుపు ఫిల్టరు, ఒక నారింజ ఫిల్టరు. ఫిల్ము ఇల్ఫర్డ్ హెచ్‌పీ5, వెలుగును పట్టే వేగం 400. ఇప్పుడు రీలు వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా ఉంది, అందులో 36 ఫ్రేములు. కడిగే మందుల ఖర్చు కూడా కలిపితే మీట నొక్కిన ప్రతిసారీ ముప్పై రూపాయల పైమాటే. ఈ లెక్క బాధపడుతూ చెప్పడం లేదు. ముప్పై రూపాయలని తెలిసిన చెయ్యి ఆగుతుంది, చెయ్యి ఆగితే కాళ్లూ ఆగుతాయి, నిలబడిపోయిన మనిషిని చూసి వీధి పలకరిస్తుంది. ఈ ప్రయాణంలో నాకు దక్కిన మంచి ఫ్రేములన్నీ పలకరింపుల తర్వాత వచ్చినవే.

విమానాశ్రయాల్లో కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు కడగని ఫిల్మును పాడుచేస్తాయి, అందుకని రైలెక్కాను. ఖరగ్‌పూర్‌లో ఎక్కిన ఒక పెద్దాయన నా మెడలోని కెమెరా చూసి, "బాబూ, ఇది రీలు కెమెరాయేనా?" అని చక్కటి తెలుగులో అడిగారు. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి తరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో చాలా ఉన్నాయి. ఆయన పెళ్లి ఫొటోలు 'ఇందు' ఫిల్ము మీద తీశారట. 1960లో మొదలై, ఊటీలో మన సొంత ఫిల్ము తయారుచేసిన హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ సరుకు అది. కార్ఖానా మూతపడింది గానీ ఆ పెళ్లి ఫొటోలు ఇంకా చెక్కుచెదరలేదని ఎంతో సంతోషంగా చెప్పారు.

శుక్రవారం పొద్దున, మల్లిక్ ఘాట్

హౌరా వంతెన తూర్పు కొసన, సరిగ్గా వంతెన కిందనే పూల బజారు. ఆరున్నరకు వెళ్లేసరికే కాలు పెట్టే సందు లేదు. బంతిపూల దండలను పాము చుట్టల్లా చుట్టి తలల మీదా భుజాల మీదా వేసుకుని కూలీలు దాదాపు పరుగున వస్తుంటారు. "దేఖే, దేఖే" అని కేక వినబడగానే గోడకు అతుక్కుపోవాలి. అక్కడ మర్యాద అదే. ఫొటో తీసేవాడి కోసం బరువు మోసేవాడు ఆగడు, ఆగకూడదు కూడా.

ఈ బజారులో అందరినీ పట్టి లాగేది రంగు. ఒకపక్క నారింజ బంతి, మరోపక్క కాళీమాత పూజకు ఎర్ర మందారాలు, నడుమ ఆకుల పచ్చదనం. కానీ నలుపు తెలుపు ఫిల్ముకు ఇవన్నీ దగ్గర దగ్గర బూడిద ఛాయలు. మందారమూ దాని ఆకూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పసుపు ఫిల్టరు తగిలిస్తే బంతి కాస్త తెల్లబడి విడిగా కనిపిస్తుంది, కానీ ఒక స్టాపు వెలుగు, అంటే సగం వెలుగు, దానికే పోతుంది. మంచు కమ్మిన పొద్దున ఆ ఒక్క స్టాపు నాకు చాలా విలువైనది. ఫిల్టరు తీసి జేబులో వేసుకుని, పూలను వదిలేసి, మోసే మెడలను చూడడం మొదలుపెట్టాను.

ఒక కూలీ మెడ మీద తడి తువ్వాలు మడత, దాని మీద గంప అంచు, ఆ అంచు కింద బిగుసుకున్న నరం. వయసు యాభై పైన ఉంటుంది. "ఛొబి తుల్బో, దాదా?" అని అడిగాను. ఫొటో తీసుకోనా అని. ఆయన గడ్డంతోనే వద్దని సైగ చేసి సాగిపోయాడు. పది నిమిషాలకు ఖాళీ గంపతో తిరిగొచ్చి నా ముందు నిలబడి, ఇప్పుడు తీయమన్నాడు. బరువుతో ఉన్నప్పుడు ఆగలేనని, అందుకే వద్దన్నానని హిందీలో వివరంగా చెప్పాడు. గంపను నడుముకు ఆనించి నిలబడిన ఆయన ఫొటో ఒక్కటే తీశాను. లెన్సు రంధ్రం ఎఫ్4, షట్టరు సెకనులో అరవయ్యో వంతు. రెండోది తీయాలనిపించలేదు.

మెట్ల మీద టీ అమ్మే ఒకావిడ ఉంది. గుప్పిట్లో ఇమిడేంత మట్టి ముంతలో పది రూపాయల టీ, అల్లం ఘాటు గొంతు దాకా తెలుస్తుంది. నేను వంతెన వైపే చూస్తూ ఉంటే, "సూర్యుడు అటు రాడు దాదా, ఏడున్నరకు ఆ గోదాము పక్క నుంచి వస్తాడు, ఇక్కడే కూర్చో" అంది. కూర్చున్నాను. ఆవిడ చెప్పిన చోటునుంచే వెలుగు వచ్చింది. మంచులో వంతెన ఇనుప అల్లిక ఒక పొర వెనుక ఇంకో పొరగా, ముందుది ముదురుగా వెనుకది లేతగా విడివడింది. 1943లో తెరిచిన ఈ వంతెనకు 26,500 టన్నుల ఉక్కు వాడారు, ఎక్కడా నట్లూ బోల్టులూ లేవు, అంతా రివెట్లే. వంతెన మీద నిలబడి కెమెరా ఎత్తితే పోలీసులు వారిస్తారు. ఘాటు మెట్ల మీద ఎవరూ ఏమీ అనరు. నిజానికి వంతెనను చూడవలసింది కూడా అక్కడి నుంచే.

దగ్గర్లోనే కచోరీ బండి ఉంది. నాలుగు కచోరీలు, ఆకు దొన్నెలో బంగాళాదుంప కూర, నలభై రూపాయలు. కూరలో తీపి కాస్త తగులుతుంది. మన నాలుక దానికి అలవాటుపడాలంటే రెండో దొన్నె దాకా ఆగాలి.

శుక్రవారం మధ్యాహ్నం, కుమార్‌టులి

లాంచీలో గంగ మీదుగా ఉత్తరానికి వెళ్లి, దిగి, రైలు పట్టాలు దాటితే విగ్రహాలు చేసేవాళ్ల వాడ వస్తుంది. లాంచీ టికెట్టు పది రూపాయల లోపే. కోల్‌కతాలో ఇంత చవకైన, ఇంత మంచి ప్రయాణం ఇంకోటి లేదు.

దసరా ముందు కుమార్‌టులి ఫొటోలు అందరూ చూసే ఉంటారు. జనవరిలో అక్కడ జనం పలచన, పని మాత్రం అంతే. సరస్వతీ పూజ దగ్గరపడుతుంది గదా, సందు పొడవునా సరస్వతులే. గడ్డితో కట్టిన ఒళ్లు కొన్ని, జిగటమన్ను పట్టించినవి కొన్ని, తెల్లరంగు పూసి ఆరబెట్టినవి కొన్ని. పుల్లలకు గుచ్చిన తలలు వరసగా ఆరుతుంటాయి. సరస్వతి శ్వేతవర్ణ. చీకటి పాకల్లో తెల్లని దేవత. నలుపు తెలుపు ఫిల్ము పట్టుకున్నవాడికి ఇంతకంటే ఏం కావాలి!

ఇక్కడే మీటరు దారి తప్పిస్తుంది. కెమెరాలోని మీటరుకు తెలుపు తెలియదు, నలుపు తెలియదు. ఎదురుగా ఏముంటే దాన్ని మధ్యస్థమైన బూడిద చేయాలని చూస్తుంది. తెల్లని విగ్రహం మీద సూది చెప్పినట్టు వింటే సరస్వతి మసిబారుతుంది. అందుకని విగ్రహం మీద పడుతున్న వెలుగులోనే నా అరచెయ్యి పెట్టి, దాన్ని కొలిచి, ఒక స్టాపు పెంచాను. ఎఫ్2, సెకనులో ముప్పయ్యో వంతు. ఊపిరి బిగబట్టి, భుజాన్ని వెదురు గుంజకు ఆనించి నొక్కాలి.

ఈ సందుల్లో కెమెరా చూసి విసుక్కునేవాళ్లు ఉన్నారు. వాళ్ల విసుగు న్యాయమైనది. తడిమన్ను మధ్య తిరిగే జనం వల్ల వేళ్లు విరిగిన విగ్రహాలను వాళ్లే మళ్లీ చేసుకోవాలి. నేను కెమెరా సంచిలో పెట్టి ఒక పాక ముందు చాలాసేపు కూర్చున్నాను. లోపల పనిచేస్తున్న నడివయసు కళాకారుడు చివరికి తలెత్తి ఏ ఊరని అడిగాడు. విశాఖ అనగానే ముఖం వెలిగింది. దసరా ముందు అక్కడి బెంగాలీల పూజకు దుర్గను చేయడానికి ఒక ఏడాది వచ్చాడట. "మట్టి, నీళ్లు, తొందరగా" అని మూడు తెలుగు మాటలు చెప్పి గట్టిగా నవ్వాడు.

ఆ తర్వాత రమ్మని లోపల కూర్చోబెట్టి పని చూపించాడు. దేవత వేళ్లను విడిగా చేస్తారు. చిన్న మన్ను ముద్దను రెండు అరచేతుల మధ్య దొర్లించి, కొస సన్నం చేసి, వెదురు చీలికతో గోరు గీత గీస్తాడు. ఒక్కో వేలికి అర నిమిషం పట్టదు. వీణ పట్టే ఎడమచేతి వేళ్లు వంగాలి, అందుకని మన్ను ఆరకముందే వాటిని తన వేలి మీద పెట్టి వంచుతాడు. ఆయన వేలి మీద దేవత వేలు. గుడ్డి వెలుతురు వాకిట్లోంచి వస్తోంది. ఆరిన మన్ను ఆయన చర్మం మీద పగుళ్లు తీసింది, దేవత వేలు మాత్రం తడిగా నున్నగా మెరుస్తోంది. అదే తీశాను. వాళ్ల తాతముత్తాతలు నదియా జిల్లా కృష్ణనగర్ నుంచి వచ్చారని, అన్నగారు ఇప్పటికీ అక్కడే ఉండి బొమ్మలు చేస్తారని చెప్పాడు. చిరునామా రాసుకున్నాను. ప్రింటు పంపుతానని మాట ఇస్తే పంపి తీరాలి. ఆ వాడలో అలాంటి మాటలు ఇచ్చి వెళ్లినవాళ్లు ఎందరో ఉన్నారని ఆయన మాటల్లోనే అర్థమైంది.

సాయంత్రం శోభాబజార్ వైపు నడిచి నొలేన్ గూడ్ అనే బెల్లంతో చేసిన సందేశ్ మిఠాయి తిన్నాను. ఈతచెట్టు కల్లు కాదు, తీపి నీరా కాచి తీసిన కొత్త బెల్లం ఆ నొలేన్ గూడ్. చలికాలంలోనే దొరుకుతుంది. సందేశ్ ఒక్కోటి పాతిక రూపాయలు. మన తాటిబెల్లం తిన్నవాళ్లకు ఆ పొగవాసన వెంటనే పరిచయమవుతుంది.

శనివారం, కాలేజ్ స్ట్రీట్

ఆదివారం పుస్తకాల కొట్లు చాలావరకు మూసేస్తారు కాబట్టి ఈ వీధిని శనివారానికి పెట్టుకున్నాను. పుస్తకాల గుట్టల మధ్య కూర్చున్న అమ్మకందార్ల ముఖాలు సగం నీడలో సగం వెలుగులో ఉంటాయి. పాఠ్యపుస్తకం పేరు సగం చెప్పేలోపే చెయ్యి వెనక్కి పోయి, గుట్ట మధ్యలోంచి దాన్ని లాగి ముందు పెడతారు. ఆ చేతి కదలికను పట్టుకోవాలని చాలాసేపు చూశాను. మీట నొక్కేలోపు చెయ్యి వెనక్కి వచ్చేసేది.

మధ్యాహ్న భోజనం భవానీ దత్త లేన్‌లోని స్వాధీన్ భారత్ హిందూ హోటల్లో. పైసల లెక్కన భోజనం పెట్టిన పాతకాలపు 'పైస్ హోటళ్ల'లో ఇదొకటి. అరిటాకు, మట్టి ముంతలో నీళ్లు. ఇక్కడ లెక్క మనకు కొత్త. అన్నం, పప్పు, కూర, చేప దేనికదే ధర, ఆకుకు కూడా విడిగా. వడ్డించేవాడు ఏ కాగితమూ చూడకుండా ఎవరేం తిన్నారో గుర్తుపెట్టుకుని చివర్లో గడగడా చదివేస్తాడు. గసగసాల ముద్దతో చేసిన ఆలూ పోస్తో, ఆవపిండి చేపముక్క తిన్నాను. ఆవఘాటు ముక్కులోంచి పోతుంది, మన ఆవకాయ తినే ప్రాణానికి అది హాయిగానే ఉంటుంది. రెండువందల ఇరవై రూపాయలైంది. పక్క బల్ల మీది ఆయన నేను అన్నంలో పప్పూ చేపా కలిపేయబోతుంటే చెయ్యి ఊపి ఆపి, పప్పు అయ్యాకే చేప అని చెప్పారు. చేదుతో మొదలై తీపితో ముగిసే వరస వాళ్ల భోజనానిది. పెద్దాయన మాట విని అలాగే తిన్నాను, రుచి విడివిడిగా తెలిసింది.

కాఫీ హౌస్ కోసం కొత్త రీలు ఎక్కించాను. లోపల వెలుగు తక్కువ. 400 ఫిల్మును 1600 అనుకుని తీసి, కడిగేటప్పుడు ఎక్కువసేపు కడగాలి. అలా చేస్తే నీడల్లో వివరం పోతుంది, గరుకుదనం పెరుగుతుంది. పైగా రీలు మొత్తం అలాగే తీయాలి, మధ్యలో మనసు మార్చుకోవడానికి లేదు. 1942 నుంచి ఆల్బర్ట్ హాలులో నడుస్తున్న ఈ కాఫీ హౌస్‌కు ఆ గరుకుదనం నప్పుతుంది. ఎత్తైన కప్పు, వేలాడే ఫ్యాన్లు, తలపాగాల సర్వర్లు, గోడ మీద పెద్ద రవీంద్రనాథుడు. పై అంతస్తు వరండాలో కూర్చుంటే కింద బల్లలన్నీ కనిపిస్తాయి. పాలు లేని కాఫీని అక్కడ ఇన్‌ఫ్యూజన్ అంటారు. కాఫీ మాట నిజాయితీగా చెప్పాలంటే, మన ఫిల్టర్ కాఫీ ముందు అది నిలవదు. కానీ ఒక్క కప్పుతో రెండు గంటలు కూర్చున్నా ఎవరూ లేవమనరు. ఆ మర్యాదకు విలువ కట్టలేం.

కింది బల్ల దగ్గర ఇద్దరు వృద్ధులు వాదించుకుంటున్నారు. ఒకాయన వేలు గాల్లో, రెండో ఆయన కళ్లద్దాలు నుదుటి మీద. నేను కెమెరా చూపించి కళ్లతోనే అడిగాను. వేలు గాల్లో ఉన్నాయన, వాదన ఆపకుండానే, సరే అన్నట్టు తల ఊపారు. తీశాక పిలిచి ఫిల్మా అని అడిగి, "ఎఖొనో పావా జాయ్?" అని ఆశ్చర్యపోయారు. ఇంకా దొరుకుతుందా అని. ఇక వాదన మానేసి ఇద్దరూ తమ కాలపు కెమెరాల కబుర్లలో పడ్డారు. నా రెండో కాఫీ డబ్బులు వాళ్లే ఇచ్చారు.

ఆదివారం, టిరెట్టా బజార్, బో బ్యారక్స్

ఈ ఊళ్లో ఫిల్ము మీదే తీసే కుర్రకారు కొందరు ఆదివారాలు కలిసి నడుస్తారు. వాళ్లతో పొద్దున్నే టిరెట్టా బజార్ వెళ్లాను. ఇది పాత చీనావాడ. 1962 యుద్ధం తర్వాత నిర్బంధాలు, వలసలు, ఇక్కడి చైనా సంతతివాళ్లు చాలామంది వెళ్లిపోయారు. మిగిలిన కుటుంబాలు పొద్దున పూట వీధిలో ఫలహారాలు అమ్ముతాయి. ఎనిమిది దాటితే గిన్నెలు ఖాళీ. చేప ఉండల పులుసు ఎనభై రూపాయలు, ఆవిరి మీద ఉడికిన బన్ను నలభై. ఆవిరి పాత్ర మూత తీసినప్పుడు వెనక నుంచి ఎండ పడితే ఆవిరంతా వెలిగిపోతుంది. అందుకని అందరం అమ్మే ఆవిడకు ఎదురుగా, ఎండకు ఎదురుగా నిలబడ్డాం. ఆవిడ విసుక్కోలేదు. కొనుక్కుని తిన్న తర్వాతే కెమెరాలు తీయాలన్నది ఆ బృందం పెట్టుకున్న నియమం. నాకెంతో నచ్చింది.

వాళ్లలో ఒక అమ్మాయి చేతిలో రెండు కళ్ల యాషికా మ్యాట్ ఉంది. రీలుకు 12 చదరపు ఫ్రేములే. దాన్ని కడుపు దగ్గర పట్టుకుని తల వంచి పై అద్దంలోకి చూడాలి. కంటికి కెమెరా ఎత్తితే ఎదుటి మనిషి బిగుసుకుంటాడు, తల వంచినవాళ్లను చూసి అలా బిగుసుకోడు. ఆ అమ్మాయి ముందు పిల్లలు మామూలుగా ఆడుకోవడం గమనించాను.

ఎనిమిదిన్నరకు వాళ్లు వెళ్లిపోయారు. నేను బో బ్యారక్స్‌కు దారి అడిగాను. పేరు చెబితే ఒక తాతగారికి అర్థం కాలేదు. ఎర్ర ఇటుకల పాత కట్టడం అని వివరించాను. "ఓ, ఎర్ర ఇటుకలదా" అని ఆయన పూర్తి నమ్మకంతో అటువైపు వేలు చూపించారు. సందులు, ముక్కున పట్టే సుగంధద్రవ్యాల గోదాములు, తోపుడుబళ్లు దాటుకుని పోగా పోగా ఎర్ర ఇటుకల కట్టడమే వచ్చింది, కానీ అది మాగెన్ డేవిడ్ యూదు ప్రార్థనాలయం. 1884 నాటిది. కోల్‌కతాలో యూదులు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఈ ప్రార్థనాలయాలను తరాలుగా కనిపెట్టుకుని ఉన్నది ముస్లిం కుటుంబాలవాళ్లు. గోపురం మీద ఎండ అప్పుడే పడుతోంది. నారింజ ఫిల్టరు పెట్టాను. ఎర్ర ఇటుక లేతబడింది, నీలాకాశం ముదిరింది, గోపురం ఆకాశంలోంచి విడివడి నిలబడింది. తాతగారి పుణ్యమా అని దొరికిన ఫ్రేము అది.

అక్కడి నుంచి వెనక్కి నడిచి బో బ్యారక్స్ చేరేసరికి పదిన్నర. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు తరాలుగా ఉంటున్న మూడంతస్తుల ఇటుక ఇళ్లు, ఆరేసిన బట్టలు, కింద క్రికెట్ ఆడే పిల్లలు. నాకు అక్కడ పెద్దగా ఏమీ దొరకలేదు, ఎండ ముదిరింది.

తిరిగి వచ్చే దారిలో చేతితో లాగే రిక్షాలు కనిపించాయి. కోల్‌కతా నలుపు తెలుపు ఫొటో అనగానే అందరికీ ఆ రిక్షా, దాని మీద నిద్రపోతున్న బక్క మనిషి గుర్తొస్తారు. నేను తీయలేదు. నిద్రలో ఉన్న మనిషిని అడగలేం. పైగా నలుపు తెలుపుకు పేదరికాన్ని అందంగా చేసే గుణం ఒకటుంది, దాని విషయంలో చేతిని అదుపులో పెట్టుకోవాలి. 1943 కరవులో ఇదే బెంగాల్లో సునీల్ జానా తీసిన ఫొటోలూ నలుపు తెలుపే. అవి కమ్యూనిస్టు పార్టీ పత్రికలో అచ్చయి, జనం ఆకలితో చస్తున్నారని దేశానికి చెప్పాయి. ఆయన దగ్గర చెప్పవలసిన వార్త ఉంది. మన దగ్గర అది లేనప్పుడు కెమెరా దించుకోవడమే గౌరవం.

సోమవారం, ఎస్ప్లనేడ్

మెట్రో సినిమా హాలు పక్కనున్న సందును మెట్రో గలీ అంటారు. రెండు వైపులా కెమెరా కొట్లే. కొత్త డిజిటల్ కెమెరాల నడుమ అద్దాల బీరువాల్లో పాత యాషికాలు, జెనిట్లు, నికాన్లు కనిపిస్తాయి. ఒక మరమ్మతు దుకాణంలో నా కెమెరా వెనుక తలుపు తెరిచి చూపించాను. తలుపు అంచుల్లో వెలుగు చొరబడకుండా నల్లని ఫోము ఉంటుంది. నలభై ఏళ్లకు అది జిగురై పొడిపొడిగా రాలుతుంది. ఆ మేస్త్రి అగ్గిపుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి పాతదంతా గోకి తీసి, కొత్త ఫోమును దారమంత సన్నగా కత్తిరించి పట్టకారుతో గాడిలో కూర్చాడు. ముప్పావుగంట పని. నాలుగు వందలు తీసుకున్నాడు. పనివాళ్లు ఇంకా ఉన్నారా అంటే తన తర్వాత ఈ బల్ల మీద కూర్చునేవాడు లేడన్నాడు. కొడుకు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడట.

అక్కడికి దగ్గర్లోనే, సురేంద్రనాథ్ బెనర్జీ రోడ్డు మొదట్లో, బోర్న్ అండ్ షెపర్డ్ భవనం ఉంది. 1863లో ఇండియాకు వచ్చిన ఇంగ్లిషు ఫొటోగ్రాఫరు శామ్యూల్ బోర్న్ పేరు మీద నడిచిన స్టూడియో అది. లోకంలోని అతి పాత స్టూడియోల్లో ఒకటి. 1991లో అగ్నిప్రమాదం జరిగి నెగెటివ్‌లు చాలావరకు కాలిపోయాయి. 2016లో స్టూడియో మూతపడింది. రోడ్డు అవతల నిలబడి ఆ ముఖభాగాన్ని చూస్తుంటే నాకు సికింద్రాబాదు దీన్‌దయాళ్ గుర్తొచ్చారు. ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫరుగా ఉండి రాజా బిరుదు పొందిన దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశారు. ఆయన గాజు నెగెటివ్‌లు వేలకొద్దీ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఒకే కాలం, ఒకే విద్య. ఒకరివి బూడిదయ్యాయి, ఒకరివి మిగిలాయి. మన తెలుగు ఊళ్లలో మూతపడిన ప్రతి స్టూడియో అటకమీదా పెట్టెల నిండా నెగెటివ్‌లు ఉండే ఉంటాయి. వెండి పూత కోసం వాటిని తూకానికి అమ్మేస్తున్నారు. అమ్మేముందు ఎవరైనా ఒకసారి వెలుగుకు ఎత్తి చూస్తే బాగుండును.

సాయంత్రం ట్రాము ఎక్కాను. 1873లో గుర్రాలతో మొదలై 1902లో కరెంటుకు మారిన బండ్లు. ఒక్క ఎస్ప్లనేడ్ మైదాన్ దారి తప్ప మిగతావి ఆపేస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రకటించింది. కండక్టరు టికెట్ల కట్ట వేళ్ల సందున పెట్టుకుని, నా ఆఖరి ఫ్రేముల కోసం కిటికీ చెక్క తనే పైకెత్తి పట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక

మా కుళాయి నీళ్లు జనవరిలో కూడా 25 డిగ్రీలకు దిగవు. ఫిల్ము కడిగే డి-76 డెవలపరుకు 20 డిగ్రీలు కావాలి. బక్కెట్లో ఐసుముక్కలు వేసి, సీసాలు అందులో ముంచి, థర్మామీటరు చూస్తూ కూర్చోవాలి. మామూలు రీళ్లకు ఏడున్నర నిమిషాలు, కాఫీ హౌస్ రీలుకు పన్నెండు దాటించాను. పూల బజారు కూలీ ముఖం నేను అనుకున్నంత ముదురుగా వచ్చింది. కాఫీ హౌస్‌లో గాల్లోని వేలు కదిలిపోయింది, కళ్లద్దాలు మాత్రం నిలిచాయి. పుస్తకాల అబ్బాయి చెయ్యి ఒక్క ఫ్రేములోనూ లేదు.

కుమార్‌టులి ప్రింటు స్పీడ్ పోస్టులో పంపిన వారానికి ఫోను వచ్చింది. చేతి మీద ఆరిన మన్ను పగుళ్లు అంత బాగా పడతాయనుకోలేదని, వాళ్లావిడ దాన్ని బీరువా తలుపు మీద అంటించిందని చెప్పాడు. కృష్ణనగర్‌లో ఉన్న అన్నగారికి ఇంకోటి కావాలట. అన్నగారి చూపు కాస్త మందగించిందట, పెద్ద సైజులో వేసి పంపమన్నాడు. పెద్ద పేపరుకు ఆర్డరు పెట్టాను.